రానివాళ్ళ ఓట్లు

ఝాన్సీ పాఠం చెబుతుంటే వెనక బెంచీ వాళ్ళు కూడా ఫోన్లు పక్కన పెడతారని అమలాపురం దగ్గరున్న ఆ ప్రైవేటు యూనివర్సిటీలో పేరు. కంప్యూటర్ సైన్సు విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేసే అసిస్టెంటు ప్రొఫెసరు ఆమె. ఏటా మే నెలాఖరుకి ఆ కాంట్రాక్టు ముగుస్తుంది. జూన్‌లో మళ్ళీ ఇస్తారు. ఇచ్చేదాకా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడదు. మగడు రాజ్ కుమార్ ఖతర్‌లో ఏసీ మెకానిక్కు. మూడో తరగతి చదివే కూతురు శారోన్‌ని పెట్టుకుని మామిడికుదురులో అమ్మా నాన్నల దగ్గరే ఉంటుంది.

తండ్రి పాపారావు మాస్టారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ ఎన్నిక వచ్చినా ఆయనకి డ్యూటీ పడేది. మిగతా మాస్టార్లు డాక్టరు సర్టిఫికెట్లు పట్టుకుని తిరుగుతుంటే, ఈయన మాత్రం ముందురోజే బట్టలు ఇస్త్రీ చేయించుకుని సిద్ధంగా ఉండేవారు. దానికో కారణం ఉంది. ఆయన తండ్రి ఒక ఆసామి దగ్గర పాలేరు. ఒకసారి ఓటుకని తలకి నూనె రాసుకుని, ఉతికిన పంచె కట్టుకుని బూత్‌కి వెళితే, "నీ ఓటు పడిపోయిందిరా, ఇంటికి పో" అన్నారట. ఎవరు వేశారని ఆ మనిషి అడగలేదు. తిరిగొచ్చి పంచె విప్పి దండెం మీద ఆరేసి, గొడ్ల సావిట్లోకి వెళ్ళిపోయాడు. పక్కనే నిలబడి చూసిన పాపారావుకి అప్పుడు చిన్న వయసు. ఈ కథ ఝాన్సీ ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు.

బహుశా అందుకేనేమో, బ్లాక్‌చెయిన్ గురించి మొదటిసారి చదివినప్పుడు తోటివాళ్ళందరికీ క్రిప్టో డబ్బు గుర్తొస్తే, ఆమెకి మాత్రం తాతగారి పంచె గుర్తొచ్చింది. ఆన్‌లైన్‌లో కోర్సు చేసింది. దానితో ఓటింగ్ ఎలా నడపొచ్చో ఒక పేపరు రాసి, విశాఖపట్నంలో సదస్సుకి వెళ్ళి చదివి వచ్చింది.

ఆ యూనివర్సిటీలో విద్యార్థి మండలి అంటే అప్పటిదాకా పేరుకే. డీన్ గారి గదిలో నాలుగు పేర్లు రాసి నోటీసు బోర్డుకి అంటించేవారు. ఝాన్సీ పేపరు సంగతి తెలిసి డీన్ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు కబురు చేశారు. ఆయన ఎవరినీ గట్టిగా ఒక మాట అనరు. ఎవరొచ్చినా ముందు కాఫీ తెప్పిస్తారు.

"అమ్మా, ఇది మన పిల్లలకి పెడితే ఎలా ఉంటుందంటావు? రాష్ట్రంలో ఇంకెవరూ చేసినట్టు లేదు. ఈ ఏడు మనకి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం కూడా వస్తోంది."

"బాగుంటుందండీ," అంది ఝాన్సీ. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో అంత బాగుంటుందనిపించిన పని ఆమెకి ఇంకొకటి తగల్లేదు.

వేసవి సెలవులన్నీ దానికే పెట్టింది. సెలవులిచ్చేలోపే తరగతి తరగతికీ వెళ్ళి చెప్పింది.

"పెళ్ళిలో చదివింపులు రాస్తారు చూడండి. ఒక్క మావయ్యగారి దగ్గరే పుస్తకం ఉంటే, ఆయన వెయ్యిని ఐదొందలు చేసినా అడిగేవాళ్ళుండరు. అలా కాకుండా, మైకులో చదువుతుంటే పందిట్లో కూర్చున్న అందరూ ఎవరి పుస్తకంలో వాళ్ళు రాసుకున్నారనుకోండి. అప్పుడు మావయ్యగారు తన పుస్తకం దిద్దుకున్నా మిగతావాళ్ళ పుస్తకాలు ఆయన్ని పట్టిస్తాయి. బ్లాక్‌చెయిన్ అంటే అదే. ఒకసారి ఎక్కిన ఓటుని డీన్ గారు కూడా చెరపలేరు, నేనూ చెరపలేను."

పిల్లలు నవ్వారు. ఒక్కొక్కరికీ పన్నెండు మాటలున్న రహస్య తాళం ఒకటి ఉంటుందనీ, అది వాళ్ళ ఫోనులోనే పుడుతుందనీ, దాన్ని కన్నతల్లికి కూడా చెప్పొద్దనీ చెప్పింది. ఎవరు ఎవరికి వేశారో ఆ బ్లాక్‌చెయిన్ గొలుసులో కనబడదు. తన ఓటు పడిందా లేదా అన్నది మాత్రం ఎవరి నంబరు కొట్టి వాళ్ళు చూసుకోవచ్చు. ఇళ్ళ దగ్గర ఎవరి బలవంతమూ ఉండకూడదని, క్యాంపస్ ల్యాబుల్లో తప్ప ఓటు పడకుండా కట్టడి చేసింది కూడా ఆమే.

జూన్ మొదటి వారంలో డీన్ గారు మళ్ళీ పిలిచారు. కాఫీ వచ్చింది.

"అమ్మా, పన్నెండు మాటలు గుర్తుపెట్టుకోమంటే మన పిల్లలు పెట్టుకుంటారంటావా? హాల్ టికెట్టే మర్చిపోయి వచ్చే బాపతు. తాళాలన్నీ ఆఫీసులో తయారుచేసి కవర్లో పెట్టి ఇచ్చేద్దాం. పోగొట్టుకున్నవాళ్ళకి మళ్ళీ ఇవ్వడానికి మన దగ్గర ఒక కాపీ ఉంటుంది."

ఝాన్సీ కప్పు కింద పెట్టింది. "సార్, అది వాళ్ళ ఫోనులోనే పుట్టాలండీ. ఆఫీసులో కాపీ ఉంటే, ఇంక ఎవరి ఓటు ఎవరైనా…"

"ఆఫీసంటే ఎవరమ్మా? మనమే కదా."

"అంతేననుకోండి. కానీ అప్పుడు దానికీ మామూలు ఓట్ల పెట్టెకీ తేడా ఉండదండీ."

"గొలుసు నువ్వు చేసిందే కదా. దాన్నెవరూ ముట్టుకోరు. ఈ తాళాల సంగతి పరిపాలన వైపు పని. దాని గురించి నువ్వు కంగారుపడకు."

ఆమె కాంట్రాక్టు కాగితం ఇంకా సంతకం కాకుండా ఆయన బల్ల మీదే ఉంది. ఆయన దానివైపు చూడను కూడా లేదు. చూసి ఉంటే ఝాన్సీకి కోపమైనా వచ్చేది.

"ఆయ్, అలాగేనండీ," అంది.

అధ్యక్ష పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకడు బన్నీ. రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం చేసే కుటుంబం. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ బండి మీద లిఫ్టు ఇచ్చే రకం. కాలేజీ వార్షికోత్సవం పెద్ద ఎత్తున చేయిస్తానన్నాడు. రెండో మనిషి సత్యదుర్గ. మూడో సంవత్సరం. గోదావరి పాయల మధ్యనున్న పెదపట్నంలంక నుంచి వస్తుంది. తండ్రి కొబ్బరి చెట్లెక్కి దింపులు తీస్తాడు.

సత్యదుర్గ అడిగింది ఒక్కటే. గోదావరికి వరదొచ్చినప్పుడు కాజ్‌వే మునిగిపోతుంది. లంకల పిల్లలు ఇళ్ళల్లోనే ఉండిపోతారు. కాలేజీ మాత్రం ఆగదు, రిజిస్టరులో ఆబ్సెంట్ పడుతూనే ఉంటుంది. చివరికి హాజరు చాలలేదని జరిమానా కట్టమంటారు. ఇంకా తక్కువైతే పరీక్షకే కూర్చోనివ్వరు. కిందటేడు ఇద్దరు ఆడపిల్లలకి అలాగే ఒక సెమిస్టరు పోయింది. వాళ్ళలో ఒకామె మళ్ళీ రాలేదు. మండపేటలో సంబంధం చూసి పెళ్ళి చేసేశారు.

"వరద రోజులు సెలవు కింద రాయమందామండి," అని క్లాసు క్లాసుకీ తిరిగి చెప్పింది సత్యదుర్గ. అరిచి మాట్లాడే పిల్ల కాదు. కానీ హాస్టల్లో ఉండే ఆడపిల్లలూ, ముంపంటే ఎరగని అమలాపురం పిల్లలూ కూడా ఆమె చెప్పింది విని తలలూపడం ఝాన్సీ చూసింది.

ఎన్నిక ఆగస్టు మూడో వారంలో పెట్టారు. దానికి ముందే గోదావరి పోటెత్తింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. లంకలకి కరెంటు తీసేశారు. కాజ్‌వే మీద నీళ్ళు ఎర్రగా, సుడులు తిరుగుతూ పోతున్నాయి. రెవెన్యూ వాళ్ళ పడవలు ముసలివాళ్ళనీ బాలింతలనీ దాటించడానికే చాలడం లేదు. ఝాన్సీ పొద్దున్నే డీన్ గారి గదికి వెళ్ళింది.

"సార్, నాలుగు రోజులు వాయిదా వేయించండి. లంకల పిల్లలు ఒక్కరూ రాలేరండీ. పోటీ చేసిన అమ్మాయే నీళ్ళ మధ్య ఉంది."

"అతిథులకి విమానం టికెట్లు తీసేశామమ్మా. టీవీ వాళ్ళొస్తున్నారు. తనిఖీ బృందానికి కూడా అదే రోజు చూపిద్దామని చెప్పేం. అయినా ఎంతమంది వాళ్ళు? నూటికి పదిమంది ఉండరు."

"నూటికి పదిమంది తక్కువ కాదండీ."

"కాదమ్మా, కాదు. నాకు మాత్రం లేదా బాధ?" అన్నారాయన. ఆ బాధ నిజంగానే ఆయన మొహంలో కనిపించింది.

ఎన్నిక జరిగింది. ఆడిటోరియంలో పెద్ద తెర పెట్టారు. ఓటు పడినప్పుడల్లా పోలింగ్ శాతం పైకి జరుగుతోంది. ఝాన్సీ పట్టుచీర కట్టుకుని, అతిథులకి ఇంగ్లీషులో వివరిస్తూ, టీవీ వాళ్ళకి తెలుగులో చెబుతూ అన్నం కూడా మర్చిపోయింది. మధ్యాహ్నానికి ల్యాబుల ముందు లైన్లు అయిపోయాయి. పిల్లలు బస్సులెక్కి వెళ్ళిపోయారు. తెర మీద అంకె మాత్రం ఆగలేదు. మెల్లగా, ఒకే వేగంతో, పైకి పోతూనే ఉంది.

ఝాన్సీ దాన్ని చూసింది. ఆలస్యంగా వచ్చిన డే స్కాలర్లేమో అనుకుంది. సర్వరు వెనకబడి ఇప్పుడు అందుకుంటోందేమో అనుకుంది. లేచి వెళ్ళి చూద్దామని కుర్చీలోంచి కదలబోతుంటే ఒక అతిథి ఇంకో ప్రశ్న అడిగాడు. కూర్చుని జవాబు చెప్పింది. సాయంత్రానికి పోలింగ్ దాదాపు వందకి చేరింది. బన్నీ స్వల్ప తేడాతో గెలిచాడు. చప్పట్లు కొడుతున్న జనంలో ఝాన్సీ చేతులు కూడా కలిశాయి.

నీళ్ళు తీశాక లంకల పిల్లలు వచ్చారు. చెప్పులు చేతుల్లో, పాంట్ల అంచులకి ఒండ్రుమట్టి. స్టాఫ్ రూము గుమ్మంలో సత్యదుర్గ ముందుంది, వెనక పదిమంది దాకా నిలబడ్డారు.

"మేడమండీ, నేను ఓడిపోయినందుకు రాలేదండి. ఇది చూడండి."

ఫోను చేతిలో పెట్టింది. తన నంబరు కొట్టి ఉంది. మీ ఓటు నమోదైంది అని పచ్చ రంగులో. పక్కన తేదీ, మధ్యాహ్నం వేళ.

"ఆ రోజు మా ఇంట్లో మోకాటిలోతు నీళ్ళండి. గేదెల్ని తోలుకుని ఏటిగట్టు మీదకెళ్ళిపోయేం. ఫోను చచ్చిపోయి అప్పటికి రెండ్రోజులండి. ఇదేమో నేను ఓటేసేనంటంది. వీళ్ళవి కూడా అంతేనండి. అందరివీ పడిపోయినయ్యండి."

ఝాన్సీ ఒక్కొక్క ఫోనూ తీసుకుని చూసింది. చూసిన దాన్నే మళ్ళీ చూసింది. "కూర్చోండమ్మా" అంది. అక్కడ అన్ని కుర్చీలు లేవు.

"నీ ఓటు పడిపోయిందిరా, ఇంటికి పో." తాతగారికి ఆ మాట చెప్పిన మనిషికి ఒక మొహమైనా ఉండి ఉంటుంది. ఈ పిల్లలకి పచ్చ రంగు అక్షరాలు చెప్పాయి. ఆ అక్షరాలు తెర మీదకి రావడానికి పనిచేసింది తనే.

ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు సత్తిరాజు. ఝాన్సీ ఊరికి పక్కూరే అతనిది, బస్సులో కనబడితే సీటు ఇస్తాడు. ఆమె అడగడమే ఆలస్యం, వరండా చివరికి తీసుకెళ్ళి చెప్పేశాడు. దాచాల్సిన పనిగా అతనికి తోచినట్టు కూడా లేదు.

"పర్సంటేజీ తగ్గకూడదన్నారండి. తనిఖీ వాళ్ళు చూస్తారంట గదండీ. భోజనాలయ్యేక ముగ్గురం ఖాళీ ల్యాబులో కూర్చున్నాం. ఎవరివి పడలేదో కంప్యూటరే చూపిస్తంది, వాళ్ళ తాళాలు మన దగ్గర ఉండనే ఉన్నాయి. వరసగా కొట్టుకుంటా పోయేమండి."

"ఎవరికి వేసేరండీ?"

"ఎవరికనేం లేదండి. పైనున్న పేరు నొక్కేసేం. కింద పేరుకి వెళ్ళాలంటే తెర జరపాలి గదండీ, పొద్దు పోద్ది."

ఝాన్సీకి తెర కళ్ళకి కట్టింది. అక్షర క్రమంలో పేర్లు పెట్టింది తనే. ముందు బన్నీ, తరవాత సత్యదుర్గ.

"అంటే ఆ అబ్బాయిని గెలిపించమని ఎవరూ చెప్పలేదా?"

"అబ్బెబ్బే! ఆ కుర్రోడెవరో కూడా నాకు తెలీదండి. మన యూనివర్సిటీకి మంచి పేరొస్తదన్నారు, చేసేం."

సత్యదుర్గ ఓటు కూడా ఆ వరసలోనే పోయి ఉంటుంది. ఆ పిల్ల ఏటిగట్టు మీద గేదెల పక్కన కూర్చుని ఉండగా, ఆమె ఓటే ఆమెకి వ్యతిరేకంగా పడింది.

"రేపు విచారణంటూ పెడితే ఈ మాట అక్కడ చెబుతారా సత్తిరాజు గారూ?"

అతని మొహం అప్పుడు మారింది. "మీరడిగేరని చెప్పేనండి. మీరంటే గౌరవం. నాకింకా సర్వీసుందండి," అని చేతులు జోడించాడు.

ఝాన్సీ డీన్ గారికి ఫిర్యాదు రాసిచ్చింది. ఆయన చదివి, తప్పకుండా విచారణ వేద్దామన్నారు. మాట తప్పలేదు. కమిటీ వేశారు. పక్క జిల్లా నుంచి బంగారరాజు గారనే రిటైర్డ్ ప్రిన్సిపాల్ని అధ్యక్షుడిగా తెచ్చారు. సాంకేతిక నిపుణురాలిగా ఝాన్సీ పేరే రాశారు.

బంగారరాజు గారు కళ్ళజోడు తుడుచుకుని అడిగారు. "అమ్మా, ఈ గొలుసులోకి బయటివాళ్ళెవరైనా చొరబడ్డారా? ఒకసారి ఎక్కిన ఓటు తర్వాత ఎక్కడైనా మారిందా?"

"మారలేదండీ. కానీ…"

"కానీ సంగతి తర్వాత చూద్దాం. మారిందా, మారలేదా?"

"మారలేదండీ."

"రాసుకోండి," అన్నారాయన పక్కనున్న మనిషితో. ఆ తర్వాత ఝాన్సీ తాళాల సంగతి చెప్పింది. పిల్లలు నీళ్ళ మధ్య ఉన్నారని చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నారు.

"ఆ తాళాలు వేరేవాళ్ళు వాడేరని మీ గొలుసు చెబుతోందా?"

"గొలుసుకి మనిషి తెలీదండీ. తాళం ఒక్కటే తెలుసు."

"మరి సాక్షులెవరైనా ఉన్నారా?"

ఝాన్సీ కిటికీలోంచి బయటికి చూసింది. వరండాలో సత్తిరాజు ఫైళ్ళు మోసుకుంటూ, ఇటువైపు తల తిప్పకుండా పోతున్నాడు. అతని పేరు నాలిక చివరిదాకా వచ్చింది. జోడించిన ఆ చేతులు గుర్తొచ్చాయి. పేరు చెప్పినా అతను కాదంటాడు, అతని ఉద్యోగం మాత్రం పోతుంది.

"లేరండీ," అంది.

రికార్డులో ఎక్కడా ఏ మార్పూ జరగలేదని, నిపుణురాలు ఝాన్సీ గారే ధ్రువీకరించారని నివేదిక వచ్చింది. అందులో ఆమె పేరుతో ఉన్న ఆ వాక్యం అక్షరాలా నిజం. కాదనడానికి వీల్లేదు. తన అభ్యంతరాలు వేరే కాగితం మీద రాసిచ్చింది. జత చేస్తామన్నారు. నివేదిక కాపీ చేతికొచ్చాక చివరిదాకా తిరగేసింది. లేదు.

ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి పాపారావు గారు వీధరుగు మీద మనవరాలికి ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నారు. కూతురి మొహం చూసి పిల్లని లోపలికి పంపేశారు. ఝాన్సీ చెప్పిందంతా విన్నారు.

"మా రోజుల్లో ఒకసారి పెట్టెలో నీళ్ళు పోసేరమ్మా. కలెక్టరు గారు రీపోలింగు పెట్టించేరు. మీ దాంట్లో రీపోలింగు లేదా?"

"ఉంది నాన్నగారూ. పెట్టేవాళ్ళు లేరు."

తల్లి జ్ఞానమ్మ లోపల్నించి మంచినీళ్ళు తెచ్చిచ్చి, "జూన్ దాకా కాస్త నెమ్మదిగా ఉండమ్మా," అంది. ఆ మాటకి తండ్రి తల వంచుకోవడం ఝాన్సీ చూసింది. ఎన్నికలంటే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళిన మనిషి ఆయన. భార్య మాటని కాదనలేదు.

ఇక అయిపోయిందనుకుంటుండగా సత్యదుర్గ లంకల పిల్లల్ని వెంటబెట్టుకుని డీన్ గారి గదికి వెళ్ళింది. ఝాన్సీని కూడా రమ్మని బతిమాలితే వెళ్ళింది.

"సారండీ, క్యాంపస్‌లో తప్ప ఓటు పడదని మేడం గారు చెప్పేరండి," అంది సత్యదుర్గ. "కమిటీ వారేమో మా ఓట్లు మేమే వేసేమన్నారు. అంటే ఆ రోజు మేము కాలేజీకి వచ్చినట్టే గదండీ? మరి రిజిస్టరులో అందరికీ ఆబ్సెంట్ ఎందుకు వేసేరండి?"

ఇంక డీన్ గారికి తప్పించుకోవడానికి దారి లేదనుకుంది ఝాన్సీ. రిజిస్టరు నిజమైతే ఓట్లు దొంగవి. ఓట్లు నిజమైతే రిజిస్టరు తప్పు. ఇరవయ్యేళ్ళు నిండీ నిండని పిల్ల ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి నిలబడింది.

డీన్ గారు ఫ్యాను వంక చూశారు. పిల్లల వంక చూశారు. తర్వాత మెల్లగా నవ్వారు.

"నిజమేనమ్మా. పొరపాటు మాదే. ఆ రోజుకి అందరికీ హాజరు వేయిస్తాను. ఆ ఒక్క రోజే ఏంటి, వరద వారమంతా వేయిస్తాను. నువ్వు ఎన్నికల్లో అడిగింది కూడా అదే కదా? కాకపోతే ఒక చిన్న పద్ధతి. ఆ రోజు మేము క్యాంపస్‌కి వచ్చేం, మా ఓటు మేమే వేసుకున్నాం అని తలా ఒక సంతకం పెట్టండి. ఝాన్సీ మేడం గారు దగ్గరుండి తీసుకుంటారు."

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కాగితం అప్పటికప్పుడే టైపయి వచ్చింది. దాన్ని పట్టుకుని ఝాన్సీ ఖాళీ క్లాసురూములోకి వెళితే, వెనకే అందరూ వచ్చారు. కాంతమ్మ అనే రెండో సంవత్సరం పిల్ల ముందే ఏడుపు మొదలుపెట్టింది. ఆమె హాజరు అంచుకి ఉంది. ఆ వారం కలవకపోతే ఈ సెమిస్టరు పరీక్షలు లేవు. ఇంకా నలుగురిది అదే పరిస్థితి.

సత్యదుర్గ కాగితం రెండుసార్లు చదివింది. "మేడమండీ, సంతకం పెట్టమంటారా?"

ఝాన్సీ ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయింది. వద్దంటే కాంతమ్మ ఇంట్లో కూర్చోవాలి. కాంతమ్మకి కూడా ఎవరో సంబంధం చూస్తారు. పెట్టమంటే, ఎవరో వేసిన ఓటుని ఈ పిల్లలే తమదని ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత ఏ కమిటీకి వెళ్ళడానికీ ఏమీ మిగలదు.

"నువ్వేమంటావు?" అంది చివరికి.

"నా ఒక్కదానిదే అయితే పెట్టనండి," అంది సత్యదుర్గ. కాంతమ్మ వైపు తిరిగి చూసింది.

"పెట్టమ్మా," అంది ఝాన్సీ.

పెట్టారు. అందరి తర్వాత సత్యదుర్గ పెట్టింది. సాక్షి అన్న చోట ఝాన్సీ పెట్టింది. బయటికి వెళుతూ ఆ పిల్ల "థాంక్సండీ మేడం" అంది. ఎగతాళిగా కాదు, మామూలుగా అలవాటు ప్రకారం అంది. ఝాన్సీ ఆ గదిలోనే, బెంచీ మీద, తర్వాతి క్లాసు వాళ్ళు వచ్చేదాకా కూర్చుండిపోయింది.

కొన్నాళ్ళకి బన్నీ వచ్చాడు. స్టాఫ్ రూములో ఇంకెవరూ లేనప్పుడు చూసి వచ్చాడు.

"మేడం, అందరూ ఏదేదో అనుకుంటన్నారండి. నేను నిజంగా గెలిచేనాండి?"

ఝాన్సీ చేతిలో ఉన్న పేపర్ల కట్ట పక్కన పెట్టింది. అబద్ధం చెప్పాలనిపించలేదు. "రానివాళ్ళ ఓట్లు కూడా పడ్డాయి బాబూ. అవి తీసేస్తే నువ్వు గెలిచేవాడివి కాదని నా నమ్మకం. రుజువు చెయ్యలేను. నీ తప్పు ఇందులో ఏమీ లేదు."

బన్నీ మొహం ఎర్రబడింది. "మరి నన్నేం చెయ్యమంటారండి?"

"నాకూ తెలీదు బాబూ."

అతను రాజీనామా రాసిచ్చాడని తర్వాత తెలిసింది. విద్యార్థి మండలి నియమాల్లో రాజీనామాకి చోటు లేదని డీన్ గారు తిప్పి పంపారట. రావులపాలెం నుంచి తండ్రి వచ్చి, "పదవి వచ్చినవాడు మానేస్తానంటాడేంట్రా" అని అందరి ముందూ కేకలేశాడట. బన్నీ మండలి సమావేశాలకి వెళ్ళడం మానేశాడు. వార్షికోత్సవం అతను లేకుండానే జరిగింది. సత్యదుర్గ నాలుగో సంవత్సరంలోకి వచ్చింది. మళ్ళీ పోటీ చేయమని హాస్టల్ పిల్లలు అడిగితే, ప్రాజెక్టు పని ఉందని చెప్పింది. ఝాన్సీ వరండాలో ఎదురైతే నవ్వుతుంది, నిలబడి రెండు మాటలు మాట్లాడుతుంది. ఎన్నిక ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తరు.

జూన్‌లో కాంట్రాక్టు వచ్చింది. జీతం కొంచెం పెంచారు. పారదర్శక ఎన్నికలకి గుర్తింపుగా యూనివర్సిటీకి ఏదో సంస్థ జ్ఞాపిక ఇస్తే, అందుకోవడానికి డీన్ గారు ఝాన్సీని కూడా వేదిక మీదకి పిలిచారు. వెళ్ళింది. తర్వాత ఒక రోజు ధైర్యం చేసి, ఎన్నికల పని నుంచి తప్పించమని అడిగింది.

"నువ్వు కాకపోతే ఎవరికి తెలుసమ్మా ఇది?" అన్నారాయన. పోనీ ఈసారైనా తాళాలు పిల్లల ఫోన్లలోనే పుట్టనివ్వమని అడిగింది. చూద్దామన్నారు. కవర్లు ఆఫీసులోనే తయారయ్యాయి.

ఆ ఏడు వరద ఎన్నిక నాటికి రాలేదు. ఎండ కాస్తోంది. లంకల పిల్లలు కూడా బస్సుల్లో దిగారు. ల్యాబు గుమ్మం దగ్గర నిలబడి ఝాన్సీ గుర్తింపు కార్డులు చూసి ఒక్కొక్కళ్ళనే లోపలికి పంపుతోంది. మొదటి సంవత్సరం పిల్ల ఒకతి, కొత్త డ్రెస్సు వేసుకుని, కవరు రెండు చేతుల్తో పట్టుకుని ఆగింది.

"మేడం గారండీ, చిన్న డౌటండి. నేను రేప్పొద్దున ఎప్పుడైనా రాలేకపోయేననుకోండి, నా ఓటు ఇంకెవరూ వెయ్యకుండా ఇది ఆపుద్దా అండి?"

ఝాన్సీ ఆ పిల్లని చూసింది. వెనక లైను వరండా దాటి మెట్ల దాకా ఉంది. లోపల ఒక కంప్యూటరు ఖాళీ అయింది.

"ఇవాళ వచ్చేవు కదమ్మా," అంది. "లోపలికెళ్ళు, వెనకవాళ్ళు చూస్తున్నారు."